నార్మండీ తీరానికి ఒక్క రోజే ఉంటే ఎటు వెళ్ళాలి? ముందు పోటు టైము చూడండి

పారిస్‌లో ఉండే మనవాళ్ళ ఇళ్ళకి ఎండాకాలంలో ఊరి నుంచి అమ్మానాన్నలో, అత్తామామలో వస్తారు. ఈఫిల్ టవరూ లూవ్రూ నాలుగు రోజుల్లో అయిపోతాయి. ఆ తర్వాత మొదలయ్యే ప్రశ్న ఇది: "సముద్రం వైపు ఎటైనా వెళ్ళొద్దామనుకుంటున్నాం, ఎత్రెతానా, మోన్ సాన్ మిషెలా, ఏది బాగుంటుంది?" చదువుకోడానికి వచ్చిన పిల్లలు కూడా శని ఆదివారాలకి ఇదే అడుగుతారు. చాలామంది ఫోటోలు చూసి ఒకటి ఎంచుకుంటారు, లేదంటే మ్యాప్‌లో అన్నీ పక్కపక్కనే ఉన్నట్టు కనిపిస్తున్నాయి కదా అని రెండు మూడు ఒకే రోజులో ఇరికించాలని చూస్తారు. తెల్లటి సుద్దకొండల ఎత్రెతా నుంచి, అఖాతంలో కొండ మీద మఠం ఉన్న మోన్ సాన్ మిషెల్‌కి సుమారు 250 కిలోమీటర్లు, కారులో రెండున్నర నుంచి మూడు గంటలు. రెండూ నార్మండీలోనే ఉన్నా ఒకటి తూర్పు వైపు, ఇంకోటి పడమటి చివర. ఒకే రోజులో రెండూ పెట్టుకుంటే మీరు చూసేది హైవేనే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ తీరంలో ఏ ఊరు గొప్పది అనేది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న మీరు వెళ్ళే రోజు పోటు ఎన్ని గంటలకి, ఎంత పెద్దది అని. విశాఖలోనో కాకినాడలోనో సముద్రం చూసి పెరిగినవాళ్ళకి ఇది వింతగా అనిపిస్తుంది. విశాఖలో పోటుకీ ఆటుకీ మధ్య నీటి ఎత్తులో తేడా మామూలుగా ఒకటిన్నర మీటర్ల లోపే, కాబట్టి బీచికి వెళ్ళేముందు దాని గురించి ఎవరూ ఆలోచించరు. ఇక్కడ ఎత్రెతా దగ్గర పెద్ద పోటు రోజుల్లో ఆ తేడా ఏడెనిమిది మీటర్లు, మోన్ సాన్ మిషెల్ అఖాతంలో అయితే పన్నెండు, పదమూడు మీటర్ల దాకా పోతుంది. అంటే పొద్దున మీరు నడిచిన చోట సాయంత్రానికి మూడు నాలుగు అంతస్తుల మేడ ఎత్తు నీళ్ళుంటాయి. అదే ఊరు, అదే టికెట్, అదే ఖర్చు, కానీ టైము తప్పితే చూడాల్సింది అసలు కనిపించదు.

చూడటం కష్టమేం కాదు. ప్రతి ఊరి టూరిస్టు ఆఫీసు దగ్గరా పోటు పట్టిక దొరుకుతుంది, ఆన్‌లైన్‌లోనూ ఉంటుంది. అందులో 'పే ఎమ్' అంటే పోటు నిండుగా ఉండే టైము, 'బే ఎమ్' అంటే నీళ్ళు పూర్తిగా వెనక్కి వెళ్ళే టైము. వాటి పక్కన కోఎఫీషియెంట్ అని ఒక అంకె ఉంటుంది, 20 నుంచి 120 దాకా. 70 అంటే మధ్యస్తం, 95 దాటితే పెద్ద పోటు, 45 కంటే తక్కువైతే చాలా చిన్నది. పట్టిక చేతిలో లేకపోతే మన క్యాలెండరు చూసినా ఒక అంచనా వస్తుంది: పౌర్ణమి, అమావాస్యలు వెళ్ళిన ఒకటి రెండు రోజులకి పెద్ద పోట్లు, అష్టమి దాటాక చిన్నవి. మార్చి, సెప్టెంబరు నెలల్లో పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజుల దగ్గర వచ్చేవి ఏడాది మొత్తంలో పెద్దవి. పోటు రోజుకి రెండుసార్లు వస్తుంది, ప్రతిరోజూ దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది, కాబట్టి పోయిన వారం స్నేహితులు చెప్పిన టైము మీకు పనికిరాదు.

మోన్ సాన్ మిషెల్: ఒక్క రోజులో వెళ్ళి రావచ్చా?

వెళ్ళి రావచ్చు, చాలామంది అలాగే వెళ్తారు, కానీ నేను వద్దంటాను. కారణం దూరం ఒక్కటే కాదు, పారిస్ నుంచి 360 కిలోమీటర్లు, పోనూ నాలుగు రానూ నాలుగు గంటలు అని అందరికీ తెలుసు. అసలు కారణం పోటు లెక్కలో ఉంది. ఈ అఖాతంలో పెద్ద పోట్లు ఎప్పుడొచ్చినా నీళ్ళు నిండే టైము ఇంచుమించు ఒకటే, పొద్దున ఏడు తొమ్మిది మధ్య, మళ్ళీ రాత్రి ఏడు తొమ్మిది మధ్య. మధ్యాహ్నం నిండేవి చిన్న పోట్లు, వాటికి నీళ్ళు కొండ దాకా రానే రావు. కోఎఫీషియెంట్ 90 దాటితే గానీ నీళ్ళు కొండ చుట్టూ చేరవు, 110 దాటితే ఒడ్డు నుంచి కొండకి వేసిన వంతెన కొసన దారి కూడా కాసేపు మునిగి అది నిజంగా ద్వీపమైపోతుంది. ఇప్పుడు పారిస్ నుంచి ఒక్క రోజు టూరు బస్సు ఎప్పుడు వస్తుందో చూడండి: పదకొండు, పన్నెండు గంటలకి దింపి నాలుగింటికల్లా ఎక్కించుకుంటుంది. ఆ టైములో ఏ రోజు చూసినా కొండ చుట్టూ బూడిదరంగు ఇసుకా బురదా తప్ప ఏమీ ఉండదు. ఫోటోల్లో చూసిన నీళ్ళ మధ్య కోట కోసం వచ్చినవాళ్ళు నిరాశపడేది ఇందుకే.

రాత్రి అక్కడే ఉంటే మొత్తం మారిపోతుంది. పెద్ద పోటు రోజు సాయంత్రం, నీళ్ళు నిండే టైముకి రెండు గంటల ముందే వంతెన మీదకో కోట గోడ మీదకో చేరుకోండి. మొదట ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత దూరంగా ఇసుక మీద తెల్లటి గీత ఒకటి కదులుతూ కనిపిస్తుంది, అది దగ్గరకొచ్చేకొద్దీ కాలువలన్నీ వెనక్కి ప్రవహించడం మొదలుపెడతాయి, అంతకుముందు జనం నడిచిన పాదాల గుర్తులు ఒక్కొక్కటే నిండిపోతాయి. శబ్దం పెద్దగా ఉండదు, కానీ వేగం చూస్తే భయం వేస్తుంది. జూన్‌లో అయితే సూర్యుడు రాత్రి పది దాటాకే అస్తమిస్తాడు, కాబట్టి ఇదంతా వెలుతురులోనే చూడొచ్చు. టూరు బస్సులన్నీ వెళ్ళిపోయి వీధి ఖాళీ అయ్యేదీ అప్పుడే.

కొండ మీద ఊళ్ళోకి ప్రవేశం ఉచితం, పైనున్న మఠానికి మాత్రం టికెట్. 708లో అవ్రాంష్ బిషప్పు ఒబేర్ ఇక్కడ మొదటి ప్రార్థనా మందిరం కట్టించాడని చెబుతారు, నూరేళ్ళ యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళు ఎంత ప్రయత్నించినా దీన్ని పట్టుకోలేకపోయారు, ఆ తర్వాత ఫ్రెంచి విప్లవం నాటి నుంచి 1863 దాకా జైలుగా వాడారు. 26 ఏళ్ళ లోపు వయసుండి, యూరప్ పౌరులైనా, ఫ్రాన్స్‌లో చట్టబద్ధంగా నివసిస్తున్న మనలాంటివాళ్ళయినా మఠానికి ఉచితంగా వెళ్ళొచ్చు. చదువుకునే పిల్లలు రెసిడెన్స్ కార్డు దగ్గర పెట్టుకోవాలి, అది లేక గేటు దగ్గర టికెట్ కొనుక్కునేవాళ్ళు చాలామందే ఉంటారు. కారు రెండున్నర కిలోమీటర్ల ఇవతల పార్కింగులో వదిలెయ్యాలి, అక్కడి నుంచి షటిల్ బస్సుకి వేరే డబ్బులు అక్కర్లేదు. 2014లో తెరిచిన కొత్త వంతెన మీద నడుచుకుంటూ పోతే ముప్పావు గంట పడుతుంది, నడవగలిగితే నడవండి, కొండ కొద్దికొద్దిగా పెద్దదవుతూ కనిపించడం బస్సులో తెలియదు.

మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని తీసుకెళ్తుంటే మాత్రం ఆలోచించండి. షటిల్ కూడా గుమ్మం దాకా రాదు, మూడు నాలుగు వందల మీటర్ల ముందే దింపేస్తుంది. వీధి మొత్తం ఎత్తుగా ఉంటుంది, మఠం పైకి చేరేసరికి 350 మెట్లు. వంతెన మీది నుంచి చూసినా, కింద వీధిలో కాస్త దూరం నడిచినా సరిపోతుంది అనుకునేవాళ్ళకి ఇబ్బంది లేదు. పై దాకా వెళ్ళి తీరాలంటే పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు, నెమ్మదిగా ఆగుతూ ఎక్కాలి.

ఇంకొక మాట. ఆటు సమయంలో ఇసుక మీద దూరంగా జనం నడుస్తూ కనిపిస్తారు, మనమూ వెళ్దాం అనిపిస్తుంది. గైడు లేకుండా వెళ్ళకండి. ఊబి ఇసుక ఉంటుంది, నీళ్ళు వెనక నుంచి చుట్టుముడతాయి, పొగమంచు పడితే దిక్కు తెలియదు. ఎదుటి ఒడ్డున జెనే ఊరి దగ్గర నుంచి గైడుతో చెప్పులు లేకుండా అఖాతం దాటే నడకలు ఉంటాయి, ముందే బుక్ చేసుకోవాలి. నడక ఇష్టపడే కుర్రాళ్ళకి మఠం లోపలి గదుల కంటే అదే ఎక్కువ గుర్తుండిపోతుందని నేను నమ్ముతాను.

ఎత్రెతా, దాంతోపాటు ఓన్‌ఫ్లర్

ఒక్క రోజే ఉంది, కారు ఉంది, రాత్రికి ఇంటికి చేరాలి అంటే నా జవాబు ఇదే. పారిస్ నుంచి సుమారు 210 కిలోమీటర్లు. తెల్లటి సుద్దకొండలు నిట్టనిలువుగా సముద్రంలోకి దిగుతాయి, దగ్గరికెళ్ళి చూస్తే ఆ తెలుపులో నల్లటి చెకుముకి రాళ్ళు వరసలు వరసలుగా పేర్చినట్టు ఉంటాయి. సుద్ద అరిగిపోయి ఆ రాళ్ళు కింద పడి, అలలకి దొర్లి దొర్లి గుండ్రంగా అవుతాయి, అందుకే ఈ బీచిలో ఇసుక ఉండదు, అన్నీ గులకరాళ్ళే. అల వెనక్కి తీసినప్పుడు అవన్నీ ఒకదానికొకటి రాసుకుంటూ చేసే చప్పుడు కోసం కాసేపు కూర్చోవాల్సిందే. ఒక్క రాయి కూడా జేబులో వేసుకోకూడదు, నిషేధం, జరిమానా ఉంటుంది. ఒడ్డు కోతకు గురికాకుండా ఆపేది ఆ రాళ్ళే, పిల్లలకి ముందే చెప్పండి.

బీచిలో నిలబడి సముద్రం వైపు చూస్తే ఎడమ పక్క అవాల్ తోరణం, దాని ఎదురుగా సూదిలా నిలబడిన రాయి, చిత్రకారుడు క్లోద్ మోనే మళ్ళీ మళ్ళీ బొమ్మలు వేసింది దాన్నే. కుడి పక్క అమోన్ కొండ, పైన చిన్న చర్చి. అందరూ ఎడమ కొండే ఎక్కుతారు, ఎక్కాలి కూడా, ఎందుకంటే దాని అవతల మాన్‌పోర్త్ అనే ఇంకా పెద్ద తోరణం ఆ పైకి ఎక్కితేనే కనిపిస్తుంది. టైము తక్కువున్నవాళ్ళకి మాత్రం కుడి కొండ చెబుతాను, ఎక్కడం సులువు, తోరణమూ సూదిరాయీ రెండూ కలిపి చూడాలంటే అక్కడి నుంచే బాగుంటుంది. 1927లో అట్లాంటిక్ దాటి న్యూయార్క్ చేరాలని బయల్దేరి మాయమైపోయిన నన్‌జెస్సేర్, కోలీల విమానాన్ని ఫ్రాన్స్ నేల మీద నుంచి చివరిసారి చూసింది ఇక్కడే, ఆ పైన వాళ్ళ స్మారకం ఉంది.

ఆటు సమయంలో తోరణం కిందకి, కొండలో తొలిచిన సొరంగం దాకా నడిచి వెళ్ళొచ్చు. చాలామంది చిక్కుకునేది కూడా ఇక్కడే. నీళ్ళు తిరిగి రావడం మొదలయ్యాక వెళ్ళకండి, బే ఎమ్ టైముకి ముందే వెళ్ళి ఆ టైముకల్లా వెనక్కి తిరగండి. కొండ అంచున సెల్ఫీలు అసలు వద్దు, అది గట్టి రాయి కాదు, సుద్ద, ఎప్పటికప్పుడు విరిగి పడుతూనే ఉంటుంది. కింద కొండని ఆనుకుని తువ్వాలు పరుచుకోవడం కూడా అంతే ప్రమాదం.

ఎత్రెతా ఊరు చిన్నది, జూలై ఆగస్టు ఆదివారాల్లో కారు పెట్టడానికి చోటు దొరకదు. తొమ్మిదింటికల్లా చేరి, పన్నెండింటికి అక్కడి నుంచి బయటపడి, నార్మండీ వంతెన మీదుగా ఓన్‌ఫ్లర్‌కి వెళ్తే రోజు చక్కగా కుదురుతుంది. ఆ వంతెన 1995లో తెరిచారు, తీగల మీద వేలాడే మధ్య భాగమే 856 మీటర్లు, పైకి ఎక్కుతుంటే రోడ్డు ఆకాశంలోకి పోతున్నట్టే ఉంటుంది. ఓన్‌ఫ్లర్‌లో పాత రేవు చుట్టూ పలచగా, పొడుగ్గా నిలబడ్డ పలకరాతి ఇళ్ళు, సాంత్ కాత్రీన్ చర్చి. ఆ చర్చి ఫ్రాన్స్‌లో చెక్కతో కట్టినవాటిలో అన్నిటికంటే పెద్దది. పదిహేనో శతాబ్దంలో ఓడలు కట్టే వడ్రంగులు కట్టారు, లోపల తలెత్తి చూస్తే పైకప్పు బోర్లించిన పడవలాగే ఉంటుంది, వాళ్ళకి తెలిసిన పని అదే మరి. రేవు పక్కన హోటళ్ళు ఖరీదెక్కువ, రుచి తక్కువ. రెండు సందులు లోపలికి వెళ్ళి తినండి.

కారు లేనివాళ్ళకి ఈ జంట కుదరదు. సాన్ లజార్ స్టేషన్ నుంచి లె ఆవ్ర్ దాకా రైలు, అక్కడి నుంచి ఎత్రెతాకి బస్సు, ఒక్క ఎత్రెతాకే రోజు సరిపోతుంది. బస్సు తిరుగు టైములు ముందు చూసుకుని తర్వాతే రైలు టికెట్ కొనండి. ఓన్‌ఫ్లర్‌కి అసలు రైల్వే స్టేషనే లేదు.

ఒమాహా, అరోమాంష్, బాయో

రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 జూన్ 6న మిత్రదేశాల సైన్యాలు దిగిన అయిదు బీచ్‌లు ఈ వైపే ఉన్నాయి, యూటా, ఒమాహా, గోల్డ్, జూనో, స్వార్డ్. యుద్ధం మీద ఆసక్తి లేనివాళ్ళని బలవంతంగా తీసుకెళ్ళకండి, పైకి చూస్తే మామూలు ఇసుక తీరమే కాబట్టి విసుగొస్తుంది. ఆసక్తి ఉన్నవాళ్ళకి మాత్రం ఈ మొత్తం తీరంలో దీనికి సాటి వచ్చేది లేదు.

ఇక్కడ కూడా పోటే ముఖ్యం. నీటి కింద జర్మన్లు పాతిన ఇనప దూలాలూ మందుపాతరలూ కనిపించాలని దిగే ముహూర్తాన్ని కావాలనే తెల్లవారుజామున ఆటు సమయానికి పెట్టుకున్నారు. దానికి మూల్యం, సైనికులు దాక్కోడానికి ఏమీ లేని వందల మీటర్ల ఇసుక మీద పరిగెత్తాల్సి రావడం. ఒమాహాకి నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు వెళ్తే సన్నటి బీచి ఒకటి కనిపిస్తుంది, ఏమీ అర్థం కాదు. ఆటు సమయంలో నీటి అంచు దాకా నడిచి వెళ్ళి, అక్కడ వెనక్కి తిరిగి గట్టు వైపు చూడండి. ఆ గట్టు మీద మెషిన్ గన్లు ఉన్నాయని ఊహించుకుంటే ఇంకెవరూ ఏమీ వివరించక్కర్లేదు. పైన కొల్‌విల్‌లో అమెరికన్ శ్మశానవాటిక, 9,380కి పైగా తెల్లని పాలరాతి గుర్తులు, ప్రవేశం ఉచితం. వీలైతే లా కాంబ్‌లోని జర్మన్ శ్మశానానికీ వెళ్ళండి, 21,000 మందికి పైగా అక్కడున్నారు. ముదురు రంగు రాళ్ళు, సందర్శకులు తక్కువ, వాటి మీద చెక్కిన తేదీలు లెక్కేస్తే చాలా వయసులు పద్దెనిమిది, పంతొమ్మిది.

అరోమాంష్‌లో ఇంగ్లండ్‌లో తయారుచేసి సముద్రం మీద లాక్కొచ్చిన కృత్రిమ రేవు ముక్కలు ఇంకా ఉన్నాయి. ఒడ్డుకి దగ్గరున్న కాంక్రీటు పెట్టెల దాకా ఆటు సమయంలో నడిచి వెళ్ళొచ్చు, వాటి మీద నాచూ గవ్వలూ పట్టి ఉంటాయి, పక్కన నిలబడితే గానీ ఎంత పెద్దవో తెలియదు. పిల్లలకి ఈ బీచ్‌లన్నిటిలో ఎక్కువ నచ్చేది ఇదే, కాబట్టి కుటుంబంతో వెళ్తే ఒమాహా కంటే అరోమాంష్‌కి ఎక్కువ టైము ఇవ్వండి.

మకాం బాయోలో పెట్టుకోండి. జూన్ 7నే విముక్తి పొందడంతో బాంబులు పడని పాత ఊరు అది, పారిస్ నుంచి రైలు రెండుంబావు, రెండున్నర గంటలు. అయితే అక్కడి ప్రఖ్యాత టేపెస్ట్రీ, 1066లో నార్మండీ డ్యూక్ విలియం ఇంగ్లండ్ గెలిచిన కథని దాదాపు 70 మీటర్ల నారబట్ట మీద కుట్టినది, దానికోసమే వెళ్ళేవాళ్ళు ఆగండి. మ్యూజియం 2025 సెప్టెంబరులో మూసేశారు, 2027 అక్టోబరులో కొత్త భవనంతో తెరుస్తామని ప్రకటించారు. పాత గైడ్‌బుక్కుల్లో ఈ సంగతి ఉండదు. కారు లేకపోతే బాయో నుంచి వ్యాన్‌లో అర రోజు, పూర్తి రోజు టూర్లు ఉన్నాయి. ఈ ఒక్క చోటికి నేను కారు ఉన్నా గైడు ఉన్న టూరే మేలంటాను, చెప్పేవాళ్ళు లేకపోతే సగం తెలియదు. బస్సులు ఉన్నాయి గానీ చాలా తక్కువ.

సాన్ మాలో

ఇది నార్మండీ కాదు, గీత దాటి పక్కనున్న బ్రిటనీ ప్రాంతంలోకి వస్తుంది, కానీ మోన్ సాన్ మిషెల్‌కి యాభై అయిదు కిలోమీటర్లే కాబట్టి ఈ ఎంపికలో ఉండాలి. కారు లేకుండా, టెన్షన్ లేకుండా సముద్రం చూడాలనుకునేవాళ్ళకి నా మొదటి సలహా ఇదే. పారిస్ మోంపర్నాస్ స్టేషన్‌లో టీజీవీ అనే వేగం రైలు ఎక్కితే రెండున్నర, మూడు గంటల్లో దిగుతారు, పావుగంట ఇరవై నిమిషాలు నడిస్తే కోట గోడ. లె ఆవ్ర్, బాయో, దోవిల్‌లకి రైళ్ళు సాన్ లజార్ నుంచి, దీనికి మాత్రం మోంపర్నాస్ నుంచి, ఆ తేడా గుర్తుపెట్టుకోండి.

గోడ మీద ఊరి చుట్టూ నడవొచ్చు, ఇంచుమించు రెండు కిలోమీటర్లు, టికెట్ లేదు. చూడటానికి పాత ఊరులా ఉంటుంది గానీ 1944 ఆగస్టులో చాలామటుకు కాలిపోయి కూలిపోతే మళ్ళీ అదే గ్రానైటుతో పాత పద్ధతిలో నిలబెట్టారు. ఆటు సమయంలో బోన్ సెకూర్ బీచ్‌లో ఒక ఈతకొలను బయటపడుతుంది, మూడు పక్కలా గోడ కట్టి సముద్రపు నీటినే పట్టి ఉంచినది. పోటు వచ్చేసరికి గోడలు మునిగిపోయి, దూకడానికి కట్టిన మంచె ఒక్కటే నడిసముద్రంలో నిలబడి ఉంటుంది. అదే బీచి నుంచి గ్రాన్ బే అనే చిన్న ద్వీపానికి రాతిబాట ఉంది, అది కూడా ఆటు సమయంలోనే. పైన రచయిత షాతోబ్రియాన్ సమాధి, పేరు కూడా చెక్కని రాతిపలకా ఒక శిలువా, సముద్రం వైపు ముఖం పెట్టి. నీళ్ళు బాటని తాకడం మొదలయ్యాక తిరిగి దాటే ప్రయత్నం చేయకండి, పైనే ఉండిపోండి. నీళ్ళు తగ్గడానికి చాలా గంటలు పడుతుంది, చలి వేస్తుంది, కానీ ప్రాణానికి ప్రమాదం ఉండదు.

పెద్ద పోటు రోజు రాత్రి ఇక్కడ ఉంటే సియోన్ గట్టు దగ్గర అలలు గోడని కొట్టి రోడ్డు మీద పడుతుంటాయి, గాలి కూడా తోడైతే ఇళ్ళ ఎత్తున లేస్తాయి. ఒడ్డు పొడుగునా పాతిన ఓక్ మొద్దులు ఆ దెబ్బ తగ్గించడానికే. దగ్గర్లోనే రాన్స్ నది మీద 1966 నాటి పోటు విద్యుత్ కేంద్రం ఉంది, 240 మెగావాట్లు, ఇంజనీర్లకి నచ్చుతుంది. మనకి ఇంకో చుట్టరికం కూడా ఉంది. 1746లో ఇంగ్లీషువాళ్ళ నుంచి మద్రాసుని పట్టుకున్న లా బూర్దొనే పుట్టింది సాన్ మాలోలోనే. ఆ చరిత్ర మీద ఇష్టం ఉన్నవాళ్ళు ఇంకాస్త దక్షిణంగా లోరియాన్ పక్కన పోర్ లూయీ కోటలో ఉన్న ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ మ్యూజియంకి వెళ్ళాలి. 1669 నుంచి మచిలీపట్నంలో స్థావరం పెట్టుకుని, తర్వాత యానాంలో ఉండిపోయినవాళ్ళ ఓడలు బయల్దేరిన వైపు అదే. పారిస్ నుంచి ఒక్క రోజులో అయ్యే పని కాదు, బ్రిటనీకి నాలుగు రోజులు పెట్టుకున్నప్పుడు కలుపుకోండి.

దోవిల్, త్రూవిల్ గురించి రెండు ముక్కలు. పారిస్ నుంచి నేరుగా రైలు, రెండు గంటలు, స్టేషన్ నుంచి సముద్రం సుమారు కిలోమీటరు. అద్భుతం ఏమీ లేదు, కానీ చక్కటి ఇసుక, నడవడానికి చెక్కబాట, కూర్చోడానికి బెంచీలు, ఎక్కడానికి ఒక్క మెట్టూ లేదు. ఎక్కువ నడవలేని పెద్దవాళ్ళకీ, ఇసుకలో ఆడుకునే చిన్నపిల్లలకీ ఎత్రెతా గులకరాళ్ళ కంటే ఇదే మేలు. షాపులూ హంగులూ దోవిల్ వైపు, చేపల బజారూ మామూలు ధరలూ వంతెన అవతల త్రూవిల్ వైపు.

తిండి విషయం కూడా ముందే అనుకోండి. మధ్యాహ్నం రెండు దాటితే చాలా హోటళ్ళలో వంటగది మూసేస్తారు, మనవాళ్ళు మూడింటికి తీరిగ్గా వెళ్ళి ఖాళీ కడుపుతో తిరిగొస్తారు. శాకాహారులకి బక్‌వీట్ పిండితో పోసే గాలెత్ అనే అట్టు కాపాడుతుంది, కానీ 'కోంప్లెత్' అంటే అందులో పందిమాంసం ఉంటుంది, 'సాన్ జాంబోన్' అని చెప్పి చీజ్, పుట్టగొడుగులతో వేయించుకోండి, గుడ్డు తినకపోతే అదీ వద్దని చెప్పండి. ఒకే పెనం మీద అన్నీ వేస్తారు, అది పట్టింపు ఉన్నవాళ్ళు పులిహోర కట్టుకెళ్ళడమే మంచిది. సిద్ర్ అంటే ఆపిల్‌తో చేసే మత్తు పానీయం, పిల్లలకీ పెద్దవాళ్ళకీ ఆపిల్ జ్యూస్ అడగండి. బాయో, ఓన్‌ఫ్లర్ వైపు త్యూర్గూల్ కనిపిస్తే వదలకండి. బియ్యం, పాలు, చక్కెర, దాల్చినచెక్క మట్టిపాత్రలో పోసి సన్నటి సెగ మీద అయిదారు గంటలు పొయ్యిలో ఉంచుతారు. పైన గోధుమరంగు మీగడ కడుతుంది, లోపల అచ్చం మన పరమాన్నమే. మా ఇంటికొచ్చే పెద్దవాళ్ళు ఫ్రాన్స్‌లో మొహమాటం లేకుండా రెండోసారి అడిగేది ఇదొక్కటే.

కారు తీసుకునేవాళ్ళకి ఒక హెచ్చరిక. పారిస్ నుంచి నార్మండీకి వెళ్ళే ఏ13 రోడ్డు మీద ఇప్పుడు టోల్ గేట్లు లేవు, కెమెరాలు నంబరు తీసుకుంటాయి, 72 గంటల్లో మీరే ఆన్‌లైన్‌లో కట్టాలి. గేటు లేదు కదా ఉచితం అనుకుని వదిలేస్తే జరిమానా వస్తుంది, అద్దె కారైతే ఆ కంపెనీ తన ఖర్చులు కూడా కలిపి వసూలు చేస్తుంది. జాకెట్ ఆగస్టులోనూ ఉండాలి, గాలి అలా ఉంటుంది.

తేదీలు ముందే ఖాయమై మార్చడానికి వీల్లేనివాళ్ళు ఎక్కువ, వాళ్ళు ఇలా చూసుకోండి. రెండు రోజులు, ఒక రాత్రి ఉండి, ఆ తేదీల్లో కోఎఫీషియెంట్ 90 పైన ఉంటే రెండో ఆలోచన వద్దు, మోన్ సాన్ మిషెల్ దగ్గర రాత్రి ఉండి మర్నాడు సాన్ మాలో వెళ్ళండి. ఆ తేదీల్లో పోటు చిన్నదైతే అదే డబ్బుతో బాయోలో ఉండండి, ఒమాహాకీ అరోమాంష్‌కీ పెద్ద పోటు అక్కర్లేదు, ఆటు టైము పగటిపూట పడితే చాలు. ఒక్క రోజే ఉండి కారు ఉంటే ఎత్రెతా, ఓన్‌ఫ్లర్. కారు లేకపోతే సాన్ మాలో, పెద్దవాళ్ళు తోడుంటే దోవిల్. వానా మబ్బూ పట్టి ఎత్రెతా కొండలు కనిపించవని తేలితే లె ఆవ్ర్‌లోనే ఆగిపోయి రేవు పక్కన ఉన్న మ్యూమా మ్యూజియంలో మోనే, బూదెన్ బొమ్మలు చూడండి. సముద్రానికి ఎదురుగా నిలువెత్తు అద్దాలున్న భవనం అది, వానలో కూడా ఓడలు రేవులోకి రావడం లోపల నుంచే కనిపిస్తుంది.